నంబరు పలక చదివాకే ప్లగ్గు: పాత వాల్వు రేడియోల మోడల్ సంకేతాల ప్రాజెక్టు డైరీ

పని ఏమిటి

అటక మీంచి వాల్వు రేడియో (ట్రాన్సిస్టర్లకు ముందు, గాజు గొట్టాలతో నడిచినది) దిగితే ఎవరి చెయ్యి అయినా ముందు ప్లగ్గు మీదికే పోతుంది. ఆ వరసను మార్చడానికే ఈ ప్రాజెక్టు. సెట్టు వెనక అట్ట మీద మోడల్ నంబరు ఉంటుంది, లోపల వాల్వుల గాజు మీద అక్షరాలుంటాయి. ఈ రెండూ చదవడం వస్తే చాలా సంగతులు కరెంటు ఇవ్వకముందే తెలుస్తాయి: ఛాసిస్‌కు (భాగాలన్నీ బిగించిన లోపలి రేకు) ఫేజు తగిలే వీలుందా, ఫిలమెంట్లు (వాల్వును వేడెక్కించే తీగలు) సీరీస్‌లో ఉన్నాయా పారలల్‌లో ఉన్నాయా, సెట్టు ఏ ఏటిది, ఏ వాల్వు స్థానంలో ఏది పనికొస్తుంది. కంపెనీలు ఆ అక్షరాలను అందానికి పెట్టలేదు. ఫ్యాక్టరీ, దుకాణం, మెకానిక్కు ఒకరికొకరు చెప్పుకోవలసిన సమాచారాన్ని అందులో కుదించి పెట్టారు.

చివరికి బల్ల దగ్గర గోడకు అంటించుకునే ఒక్క కాగితం పట్టిక తయారు కావాలి. పట్టికలో ఎక్కే ప్రతి అక్షరాన్నీ మల్టీమీటరుతో రుజువు చేసుకోవాలి. పరీక్షకు రెండు రకాల సెట్లు తీసుకున్నాం: మోడల్ నంబరు చివర ‘ఏ’ ఉన్న ఫిలిప్స్ బల్ల సెట్టు ఒకటి, బుష్ డీఏసీ 90 ఏ ఒకటి.

పలక చదవడం

నంబరు మూడు చోట్ల దొరకవచ్చు: వెనక అట్ట మీద అచ్చు, ఛాసిస్ రేకు మీద ముద్ర, పెట్టె అడుగున అంటించిన కాగితం. మూడూ కలిస్తేనే నమ్మాలి. వెనక అట్ట తేలిగ్గా విరుగుతుంది కాబట్టి పాత మెకానిక్కులు వేరే సెట్టు అట్టను కోసి బిగించిన సందర్భాలు ఎక్కువ. ఫిలిప్స్ అట్ట మీద ‘ఏ’ (ఏసీ రకం) ఉండి, లోపల ట్రాన్స్‌ఫార్మర్ లేకపోతే అబద్ధం అట్టదే.

కాగితం లేబులు మీద తడిగుడ్డ పెట్టవద్దు. మెత్తని బ్రష్షుతో దుమ్ము దులిపి, టార్చిని పక్క నుంచి ఏటవాలుగా వేసి ఫోటో తీస్తే, వెలిసిన అచ్చు కూడా కనిపిస్తుంది. వాల్వుల విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. గాజు మీది తెల్ల, పసుపు అచ్చు వేలితో రుద్దినా పోతుంది. అది పోయిన వాల్వు పేరు కనుక్కోవడం చాలా కష్టం. ముందు ఫోటో, తరవాత శుభ్రం. శుభ్రం కూడా అచ్చు లేని వైపే.

ఫిలిప్స్ సంకేతం

మన పట్టికకు వెన్నెముక ఇదే, ఎందుకంటే ఇంత క్రమంగా పేరు పెట్టిన రేడియో కంపెనీ ఆ కాలంలో అరుదు. 1927లో వచ్చిన తొలి సెట్టు 2501 వట్టి అంకె. 1930ల మొదట్లో అంకె పక్కన అక్షరం చేరింది: 930 ఏ, 930 సీ, 834 ఏ, 834 సీ. ఒకే సెట్టు రెండు రకాలుగా అమ్మారు. ‘ఏ’ అంటే ఏసీ కరెంటు, ‘సీ’ అంటే డీసీ.

ఆ అక్షరం ఎందుకు అవసరమైందో ఆనాటి ఊళ్లు చూస్తే అర్థమవుతుంది. యూరప్ పట్టణాల్లో కొన్ని పేటలకు ఏసీ, పక్క పేటకే డీసీ వచ్చేది. మన దేశంలోనూ కలకత్తాలో కొన్ని ప్రాంతాలకు చాలా ఏళ్లు డీసీయే నడిచింది. ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న సెట్టును డీసీకి తగిలిస్తే ప్రైమరీ చుట్టకు అడ్డే ఉండదు. దాని తీగ రెసిస్టెన్స్ కొన్ని పదుల ఓమ్‌లే కాబట్టి ఆంపియర్ల కరెంటు పారి చుట్ట కాలిపోతుంది. దుకాణదారు ముందు అడగవలసింది “మీ ఇంటికి ఏ కరెంటు?” అని. దానికి సమాధానం పెట్టె మీదే ఉండాలని ఆ అక్షరం పెట్టారు. తరవాత రెంటికీ పనికొచ్చే సెట్లు వచ్చాయి. వాటికి ‘యూ’, అంటే యూనివర్సల్.

యుద్ధం తరవాత పూర్తి క్రమం కుదిరింది. బీఎక్స్ 594 ఏ తీసుకుందాం.

మొదటి అక్షరం సెట్టు ఆకారం చెబుతుంది. బీ అంటే బల్ల మీద పెట్టుకునేది, ఎఫ్ అంటే నేల మీద నిలబడే పెద్ద పెట్టె, హెచ్ అంటే రికార్డు ప్లేయరు కలిసిన బల్ల సెట్టు, ఎల్ అంటే చేత్తో మోసుకుపోయేది, ఎన్ అంటే కారు రేడియో. రెండో అక్షరం ఏ దేశపు శ్రేణిదో చెబుతుంది. ఎక్స్ నెదర్లాండ్స్ మూల శ్రేణి, ఎగుమతులకూ అదే. జర్మనీ సెట్లకు డీ, ఫ్రాన్సుకు ఎఫ్, ఇటలీకి ఐ. అందుకే జర్మనీ ఫిలెట్టా చిన్న సెట్టు పేరు బీడీతో మొదలవుతుంది.

తరవాత మూడు అంకెలు. మొదటిది ధర తరగతి. అంకె పెరిగే కొద్దీ వాల్వులు, బ్యాండ్లు, స్పీకరు అన్నీ పెరుగుతాయి. మధ్య అంకె సంవత్సరం చెబుతుంది. 594లో 9 అంటే 1949. బీఎక్స్ 373 ఏ 1947ది, బీఎక్స్ 925 ఏ 1952ది, బీఎక్స్ 653 ఏ 1955ది. మూడో అంకె ఆ ఏటి వరస. చివరి అక్షరం కరెంటు: ఏ, యూ, బ్యాటరీకి బీ, మెయిన్సుకూ బ్యాటరీకీ కలిపి ఏబీ.

తేదీ తేల్చేటప్పుడు ఎక్కువమంది తడబడేది ఇక్కడే. సంవత్సరానికి అంకె ఒకటే కాబట్టి పదేళ్లకు మళ్లీ అదే వస్తుంది. ఏ దశాబ్దమో అక్షరాల అమరిక చెబుతుంది. 1950ల మధ్యలో ఫిలిప్స్ ధర తరగతి అంకెను ఎక్స్‌కు ముందుకు జరిపింది. బీఎక్స్ 653 ఏ లాంటి పేర్ల తరవాత బీ7ఎక్స్63ఏ లాంటివి వచ్చాయి. ఈ కొత్త అమరికలో ఎక్స్ తరవాతి మొదటి అంకె సంవత్సరం: 63లో 6 అంటే 1956. అందుకని ఎక్స్ అక్షరానికి ముందు అంకె ఉందా లేదా అన్నది మొదట చూడాలి. లేకపోతే 1940లు, 1950ల తొలి సగం. ఉంటే ఆ తరవాతిది. ఎక్స్ ముందు అంకె ఉండి తరవాత సున్నా వస్తే 1960. చివర ‘టీ’ కనిపిస్తే అది ట్రాన్సిస్టరు సెట్టు, వాల్వు పట్టికతో దానికి పనిలేదు.

ఏ, యూ: మీటరుతో రుజువు

ప్లగ్గు గోడకు దూరంగా ఉంచి, సెట్టు స్విచ్చి ఆన్ చేసి, ప్లగ్గు పిన్నులకూ ఛాసిస్‌కూ మధ్య ఓమ్‌లు కొలవాలి.

‘ఏ’ రకంలో పిన్నుల మధ్య ప్రైమరీ చుట్ట రెసిస్టెన్స్, అంటే కొన్ని పదుల ఓమ్‌లు చూపాలి. పిన్ను నుంచి ఛాసిస్‌కు ఏమీ చూపకూడదు. మెగోమ్‌లలో ఏదైనా చూపితే, మెయిన్సు నుంచి ఛాసిస్‌కు వేసిన పాత కాగితపు కండెన్సరు లీకవుతోందని అర్థం. దాన్ని తీసేసి వై2 రకం (చెడినా షార్టు కాకుండా చేసిన) కండెన్సరు వెయ్యాలి. మామూలు ఫిల్ము కండెన్సరు అక్కడ వేస్తే, అది షార్టయిన రోజు ఛాసిస్‌కు నేరుగా ఫేజు వస్తుంది.

యూ రకంలో ఒక పిన్ను నుంచి ఛాసిస్‌కు సున్నా ఓమ్‌లు చూపుతుంది. లోపం కాదు, దాని నిర్మాణమే అంత. మెయిన్సు తీగ ఒకటి నేరుగా రేకుకు కలిసి ఉంటుంది. రెండు పిన్నుల ప్లగ్గును తిప్పి పెడితే రేకు మొత్తానికి 230 వోల్టులు వస్తాయి. నాబును బిగించే చిన్న స్క్రూ కూడా ఆ రేకుకు తగిలే ఉంటుంది. అందుకే ఫ్యాక్టరీలో ఆ స్క్రూ గుంటను మైనంతో మూసేవారు. నాబు తీసి మళ్లీ పెట్టినప్పుడు ఆ మైనం తిరిగి నింపాలి. ఇది ఎవరూ వదిలెయ్యకూడని పని.

యూ సెట్టుకు మూడు పిన్నుల ప్లగ్గు బిగించి న్యూట్రల్‌ను ఛాసిస్ తీగకు ఇవ్వాలి. ఎర్తు పిన్నును మాత్రం ఛాసిస్‌కు కలపకూడదు. కలిపితే సాకెట్టు వైరింగు తారుమారైన ఇంట్లో ఫేజు నేరుగా ఎర్తుకు పోతుంది, సరిగా ఉన్న ఇంట్లోనూ లీకేజీ బ్రేకరు పడిపోతుంది. మన ఇళ్లలో న్యూట్రల్, ఫేజు అటూ ఇటూ అయిన సాకెట్లకు కొదవ లేదు. కాబట్టి పెట్టిన ప్రతిసారీ టెస్టరుతో ఛాసిస్ చూడాలి. బల్ల మీద పని చేసేటప్పుడైతే 1:1 ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ (మెయిన్సుతో నేరుగా సంబంధం లేకుండా కరెంటు ఇచ్చేది) తప్పదు. ఈ సెట్లకు 200 వోల్ట్ ఆంపియర్లది బాగా సరిపోతుంది.

వాల్వు పేర్లు

1934లో ఫిలిప్స్, టెలిఫంకెన్ కలిసి ఒప్పుకున్న పేర్ల పద్ధతి ఇది. బ్రిటన్ వాల్వుల కంపెనీ ముల్లార్డ్ సహా యూరప్ కంపెనీలు పాటించాయి. మన దగ్గర దొరికే వాల్వుల్లో పెద్ద భాగం దీని కిందికే వస్తాయి. వాల్వు పేరే సగం సర్క్యూటు చెప్పేస్తుంది.

మొదటి అక్షరం ఫిలమెంటుది. ఇది ఎక్కడి నుంచి వచ్చిందో చూస్తే గుర్తుండిపోతుంది. సీసపు బ్యాటరీ ఒక గది సుమారు 2 వోల్టులు: అది ‘కే’. రెండు గదులు 4 వోల్టులు: ‘ఏ’. మూడు గదులు, నిండుగా ఛార్జయితే 6.3 వోల్టులు: ‘ఈ’. అంటే ‘ఈ’ రకం కారు బ్యాటరీకి సరిపోయేలా పుట్టింది. పొడి సెల్లుకు 1.4 వోల్టులు: ‘డీ’. 5 వోల్టులకు ‘జీ’. సీరీస్‌లో కలిపే వాల్వులకు వోల్టేజీ కాదు, కరెంటు ముఖ్యం. అందుకే అక్కడ అక్షరం మిల్లీఆంపియర్లు చెబుతుంది: ‘యూ’ 100, ‘హెచ్’ 150, ‘సీ’ 200, ‘పీ’ 300. టీవీల్లో కనిపించే పీసీఎల్ 82, పీఎల్ 81, పీవై 81 అన్నీ 300 మిల్లీఆంపియర్ల వరసకు చెందినవి.

తరవాతి అక్షరాలు లోపల ఏముందో చెబుతాయి. ‘ఏ’ అంటే ఒక డయోడు, బీ రెండు డయోడ్లు, సీ ట్రయోడు, ఎఫ్ సిగ్నలు పెంటోడు, హెచ్ హెక్సోడు లేక హెప్టోడు, ఎల్ అవుట్‌పుట్ పెంటోడు, ఎం మ్యాజిక్ ఐ (స్టేషను సరిగా పట్టిందో వెలుగుతో చూపేది), వై సగం వేవ్ రెక్టిఫయరు (ఏసీని డీసీగా మార్చేది), జెడ్ పూర్తి వేవ్ రెక్టిఫయరు. ఈఏబీసీ 80 అని చదివితే చాలు: 6.3 వోల్టులు, మూడు డయోడ్లు, ఒక ట్రయోడు. ఎఫ్ఎం ఉన్న సెట్టు ఎదురుగా ఉందని అప్పుడే అనుకోవచ్చు.

అంకెల్లో మొదటిది సాకెట్టు. 3 అంటే మధ్యలో గాడి ఉన్న ఎనిమిది లావు పిన్నుల ఆక్టల్: ఈఎల్ 34, జీజెడ్ 34. 4 అంటే రిమ్‌లాక్, ఎనిమిది సన్నని పిన్నులు, గాజు పక్కన చిన్న బొడిపె: ఈఎల్ 41. 8 అంటే తొమ్మిది పిన్నుల నోవల్: ఈఎల్ 84. 9 అంటే ఏడు పిన్నుల చిన్న వాల్వు: డీకే 91. 5 అంకె ప్రత్యేక సాకెట్లకు పెట్టుకున్నారు, ఈఎఫ్ 50 అలాంటిదే.

ఫిలమెంటు తెగిందా అని చూడటానికి పిన్నులు కూడా ఈ అంకెను బట్టే దొరుకుతాయి. రిమ్‌లాక్‌లో 1, 8. నోవల్‌లో సాధారణంగా 4, 5. ఈసీసీ 83లో మాత్రం ఫిలమెంటు నడిమి నుంచి తీసిన కొస 9వ పిన్నుకు వస్తుంది. ఆక్టల్‌లో చాలావరకు 2, 7.

‘ఈ’ రకం వాల్వుల సెట్టులో లెక్క తేలిక. 1950ల మధ్య ఏసీ సెట్లలో తరచూ కనిపించే వరస తీసుకుంటే: ఈసీహెచ్ 81 (0.3 ఆంపియరు), ఈఎఫ్ 89 (0.2), ఈఏబీసీ 80 (0.45), ఈఎల్ 84 (0.76), ఈఎం 80 (0.3), ఈజెడ్ 80 (0.6). మొత్తం 2.61 ఆంపియర్లు, 6.3 వోల్టులు, సుమారు 16 వాట్లు. ఒక ఫిలమెంటు తెగితే అదొక్కటే ఆరిపోతుంది. యూ సెట్టులో ఒకటి తెగితే అన్నీ ఆరిపోతాయి. ఈ తేడా ఒక్కటే రెండు రకాల సెట్ల మరమ్మతును పూర్తిగా వేరు చేస్తుంది.

డీఏసీ 90, డీఏసీ 90 ఏ: ఒక్క అక్షరం మారితే

బ్రిటన్‌లో బుష్ కంపెనీ పేర్లు కుదురైనవి. ఏసీతో మొదలైతే ఏసీ సెట్టు, డీఏసీతో మొదలైతే డీసీకీ ఏసీకీ పనికొచ్చేది, ఎంబీ అంటే మెయిన్సు, బ్యాటరీ రెండూ. డీఏసీ 90 1946లో వచ్చింది, డీఏసీ 90 ఏ 1950లో. బయటి బేకలైటు పెట్టె చూస్తే అన్నదమ్ముల్లాగే ఉంటాయి. చివరి ‘ఏ’కి ఇక్కడ ఏసీ కరెంటుతో సంబంధం లేదు, బుష్ దాన్ని మార్చిన రూపానికి వాడింది. ఫిలిప్స్ అలవాటుతో దీన్ని చదివితే, ఛాసిస్‌కు ఫేజు తగిలే సెట్టును క్షేమమైనదిగా భావించే ప్రమాదం ఉంది. అందుకే పట్టికలో కంపెనీ పేరు లేకుండా ఒక్క అక్షరం కూడా రాయకూడదని నియమం పెట్టుకున్నాం.

లోపల మారిందేమిటో వాల్వులు చెబుతాయి. పాతదానిలో సీసీహెచ్ 35, ఈఎఫ్ 39, ఈబీసీ 33, సీఎల్ 33, సీవై 31. ‘సీ’ సీరీస్‌లో ‘ఈ’ రకం వాల్వులు కలిసి ఉన్నాయేమిటని అనుమానం వస్తుంది. తప్పేమీ లేదు. ఆ తరం ఈఎఫ్ 39, ఈబీసీ 33 ఫిలమెంట్లు 6.3 వోల్టులకు సరిగ్గా 200 మిల్లీఆంపియర్లే తీసుకుంటాయి, అందుకే సీరీస్‌లోనూ కలిసిపోతాయి. కొత్తదానిలో అన్నీ రిమ్‌లాక్: యూసీహెచ్ 42, యూఎఫ్ 41, యూబీసీ 41, యూఎల్ 41, యూవై 41.

ఇప్పుడు 230 వోల్టులకు లెక్క. పాతదానిలో ఫిలమెంట్లు 7, 6.3, 6.3, 33, 20, మొత్తం 72.6 వోల్టులు. మిగిలిన 157.4 వోల్టులను 0.2 ఆంపియరు దగ్గర డ్రాపర్ రెసిస్టెన్స్ మింగాలి: 787 ఓమ్‌లు, 31.5 వాట్ల వేడి. కొత్తదానిలో 14, 12.6, 14, 45, 31, మొత్తం 116.6. మిగిలేది 113.4 వోల్టులు, 0.1 ఆంపియరు: 1134 ఓమ్‌లు, 11.3 వాట్లు. వేడి మూడో వంతుకు పడిపోయింది. మూసిన చిన్న పెట్టెలో పక్కన మైనం కండెన్సర్లు, పైన బేకలైటు ఉన్నప్పుడు ఈ 20 వాట్ల తేడా ఆ సెట్టు ఆయుష్షునే మారుస్తుంది. పేరు చివర చేరిన చిన్న ‘ఏ’ వెనక ఉన్న అసలు సంగతి ఇది.

మీటరుతో చూడటానికి: చల్లని ఫిలమెంటు, వేడెక్కినప్పటి రెసిస్టెన్స్‌లో సుమారు ఏడో వంతే చూపుతుంది. యూ వరస వేడి మీద 1166 ఓమ్‌లు, చల్లగా 170 దరిదాపు. డ్రాపరుతో కలిపి స్విచ్చి ఆన్‌లో ప్లగ్గు పిన్నుల మధ్య 1300 ఓమ్‌ల చుట్టూ రావాలి. అసలు ఏమీ చూపకపోతే ముందు డ్రాపరు టాపింగులు (మధ్యలో తీసిన కొసలు) చూడాలి, తరవాత ఒక్కొక్క వాల్వు 1, 8 పిన్నులు.

డ్రాపరు కాలిపోయి దొరకకపోతే ఫిలమెంటు దారిలో కండెన్సరు పెట్టవచ్చు. 1.5 మైక్రోఫారడ్, 440 వోల్టుల ఏసీ మోటారు రన్ రకం. 50 హెర్ట్జ్ దగ్గర అది 2122 ఓమ్‌ల అడ్డు; ఫిలమెంట్లతో లెక్కగడితే 95 మిల్లీఆంపియర్లు పారతాయి. 5 శాతం తక్కువ, వాల్వులకు మంచిదే. దానికి సీరీస్‌లో 100 ఓమ్‌ల 5 వాట్ల వైరు రెసిస్టెన్స్, అడ్డంగా 220 కిలో ఓమ్‌లవి రెండు వరసగా. ఇవి లేకపోతే ప్లగ్గు తీశాక కూడా పిన్నులు షాకు కొడతాయి. ఈ మార్పు ఫిలమెంటు దారికి మాత్రమే. హెచ్‌టీ (వాల్వులకు అందే అధిక వోల్టేజీ) దారిలో రెక్టిఫయరు ముందున్న రెసిస్టెన్స్ అలాగే ఉండాలి, లేకపోతే యూవై 41 తట్టుకోదు. ఒక్కటి మరవకూడదు: కండెన్సరు పెట్టాక ఆ సెట్టు డీసీకి పనికిరాదు. డీఏసీ అన్న పేరు అక్కడితో చెల్లదు. పలక పక్కన, చెరగని సిరాతో, చేసిన మార్పు రాసిపెట్టాలి.

అమెరికా పేర్లు

త్వరగా ముగించవచ్చు, ఎందుకంటే ఇందులో చదవడానికి తక్కువే ఉంది. మొదటి అంకె ఫిలమెంటు వోల్టేజీ, ఇంచుమించుగా. మధ్య అక్షరాలు వరస నంబర్ల లాంటివి, వాటిలో అర్థం వెతకవద్దు. చివరి అంకె లోపలి భాగాల లెక్క. 6బీక్యూ5 అంటే ఈఎల్ 84 అని, 6ఏజే8 అంటే ఈసీహెచ్ 81 అని పట్టికలో పక్కపక్కన రాసుకోవడమే దారి. మిగతా జతలు: ఈఎఫ్ 89కి 6డీఏ6, ఈఏబీసీ 80కి 6ఏకే8, ఈజెడ్ 80కి 6వీ4, ఈఎం 80కి 6బీఆర్5, ఈసీసీ 83కి 12ఏఎక్స్7.

పేరు కలిసినా వాల్వు కలవని చోట

మొదటి అక్షరం తప్ప మిగతాదంతా ఒకటే అయితే వాల్వు కూడా ఒకటేనన్న నమ్మకం చాలాసార్లు నిజం. ఈసీఎల్ 82, పీసీఎల్ 82, యూసీఎల్ 82 మధ్య తేడా ఫిలమెంటు ఒక్కటే. కానీ పీఎల్ 84ని ఈఎల్ 84కు జతగా తీసుకోకూడదు. పీఎల్ 84 తక్కువ వోల్టేజీకి, ఎక్కువ కరెంటుకు చేసినది. దానికి 6.3 వోల్టుల తోడు ఈఎల్ 86. ఈ మినహాయింపును పట్టికలో ఎర్రసిరాతో రాశాం.

ఇంకోటి: అంకెలు అక్షరాల మధ్యకు వస్తే, అంటే ఈసీసీ 88 బదులు ఈ88సీసీ అని ఉంటే, అది ఎక్కువ కాలం మన్నేలా ప్రత్యేకంగా చేసిన రకం. మామూలు రేడియోకు దాని అవసరం లేదు, ధర మాత్రం చాలా ఎక్కువ.

గాజు అడుగున ఉన్న చిన్న కోడు

ఫిలిప్స్ వర్గం వాల్వుల మీద అడుగున బూడిద రంగులో రెండు చిన్న వరసలుంటాయి. పై వరస వాల్వు రకం, దాని సవరణ. ఈఎల్ 84కు అది ‘ఆర్ఎక్స్’. కింది వరస ఫ్యాక్టరీ, తేదీ. బీ అంటే బ్లాక్‌బర్న్, ఆర్ అంటే మిచమ్ (రెండూ ముల్లార్డ్‌వి), డీ అంటే హాంబర్గ్, త్రిభుజం అంటే నెదర్లాండ్స్‌లోని హేర్లెన్. ‘బీ2హెచ్2’ చదివితే బ్లాక్‌బర్న్, 2తో ముగిసే సంవత్సరం, హెచ్ అంటే ఎనిమిదో నెల ఆగస్టు, రెండో వారం. ఏ నుంచి ఎల్ వరకు పన్నెండు అక్షరాలు పన్నెండు నెలలు. పైన ఏ కంపెనీ అచ్చు ఉన్నా ఎక్కడ తయారైందో ఈ కోడే చెబుతుంది. ఖరీదైన పేరు అచ్చువేసి అమ్మే వాల్వులను పట్టుకునేది కూడా దీనితోనే.

మన మరమ్మతులకు అందుబాటులో ఉన్న మరో వనరు బెంగుళూరు భారత్ ఎలక్ట్రానిక్స్ వాల్వులు. 1954లో స్థాపించిన ఆ సంస్థ 1961లో రేడియో వాల్వుల తయారీ మొదలుపెట్టింది, యూరప్ పేర్లనే వాడింది. పాత దుకాణాల్లో ‘బెల్’ అచ్చుతో ఈఎల్ 84 కనిపిస్తే వదలవద్దు.

పక్క పని: కుట్టుమిషను పలక

ఇంట్లో మరో పాత యంత్రం సింగర్. దాని పేరు కూడా ఇలాగే చదవవచ్చు. 15కే, 66కే, 99కే, 201కే అన్నప్పుడు అంకె తరగతి, ‘కే’ స్కాట్లండ్ క్లైడ్‌బ్యాంక్‌లోని కిల్‌బోవీ ఫ్యాక్టరీ. సూది పేరు కూడా మోడల్ నుంచే వచ్చింది: 15×1 అంటే 15వ తరగతి మిషను సూదుల్లో మొదటిది. యుద్ధం తరవాత జపాన్ కంపెనీలు 15వ తరగతి నమూనాను హెచ్ఏ-1 అన్న పేరుతో చేశాయి. ఇప్పుడు దుకాణంలో హెచ్ఏ×1 అని అడిగితే ఇచ్చే సూది అదే. బాబిన్ మాత్రం కలపవద్దు. 15వది బల్లపరుపు అంచులది, 66వది రెండువైపులా కొద్దిగా ఉబ్బినది. ఒకదాన్ని మరోదానిలో బలవంతంగా పెడితే దారం బిగువు ఎంత సరిచేసినా నిలవదు.

కరెంటు ఇవ్వడం

పట్టిక సరిపోయాకే ఈ దశ. ‘ఏ’ రకం సెట్టులో ముందు వోల్టేజీ చక్రం చూడాలి. యూరప్ సెట్లలో 110 నుంచి 245 వరకు స్థానాలుంటాయి. మన 230కి 220 బదులు 245 స్థానం మేలు: ఫిలమెంటుకు కొంచెం తక్కువ అందినా వాల్వుకు హాని లేదు.

అవుట్‌పుట్ వాల్వు గ్రిడ్డుకు (సిగ్నలు అందుకునే లోపలి జల్లెడకు) వచ్చే కాగితపు కండెన్సరును అడగకుండానే మార్చాలి. సాధారణంగా 10 నుంచి 22 నానోఫారడ్ ఉంటుంది, 630 వోల్టుల ఫిల్ము రకం వెయ్యండి. అది లీకైతే గ్రిడ్డు పాజిటివ్ అవుతుంది, వాల్వు ఎర్రగా కాలి అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరును కూడా తీసుకుపోతుంది. ఈఎల్ 84లో 2వ పిన్ను సున్నా చూపాలి, అర వోల్టు పాజిటివ్ కనిపించినా ఆపాలి. 3వ పిన్ను దగ్గర 6 నుంచి 8 వోల్టులు ఉంటే కరెంటు సరిగా ఉన్నట్టు. పెద్ద ఫిల్టరు కండెన్సర్లకు 47 మైక్రోఫారడ్, 450 వోల్టులు. ఈజెడ్ 80 తరవాతి మొదటి కండెన్సరు 50 మైక్రోఫారడ్ దాటకూడదు, పెద్దది వేస్తే స్విచ్చి వేసినప్పుడల్లా రెక్టిఫయరు నలిగిపోతుంది.

60 వాట్ల ఫిలమెంటు బల్బు సీరీస్ బోర్డు మీద పెట్టి స్విచ్చి వెయ్యాలి. బల్బు ఒక్కసారి వెలిగి మసకబారితే మంచిది. ప్రకాశంగా నిలిచిపోతే వెంటనే తీసెయ్యాలి.

ఏరియల్ తగిలించాక డయల్ సరిచూడటానికి మీడియం వేవ్‌లో విజయవాడ 837, హైదరాబాద్ 738 కిలోహెర్ట్జ్ వాడతాం. యూరప్ డయళ్ల మీద మీటర్లే ఉంటాయి. 3,00,000ని కిలోహెర్ట్జ్‌తో భాగిస్తే మీటర్లు: విజయవాడ 358, హైదరాబాద్ 406. రెండూ ఒకే వైపు ఒకే దూరం జరిగి ఉంటే సూది తాడు మీద జారింది. ఒకటి సరిపోయి రెండోది తప్పితే ఆసిలేటరు ట్రిమ్మరు, కాయిల్ సర్దాలి.

మిగిలిన పని

1960ల మధ్య నుంచి ఫిలిప్స్ పేర్లు 22ఆర్ఎల్, 22ఆర్బీ, 22జీఎఫ్ అని మారాయి. పాత బీ, ఎల్ అక్షరాలు అందులోనూ మిగిలాయి, కానీ ఆర్ పక్కకు వెళ్లాయి. జీ గ్రామఫోను వర్గం. వీటికి పట్టికలో వేరే గళ్లు కొట్టాలి. బ్రిటన్ కంపెనీ మర్ఫీ సెట్లకు ‘ఏ’ ఏసీ, ‘బీ’ బ్యాటరీ అన్నంతవరకు చేర్చాం. ‘యూ’తో మొదలయ్యే మర్ఫీ సెట్టు మీద మీటరు పెట్టి చూశాకే ఆ గడి నింపుతాం.